మిస్ ఆగస్టాకు రాయి వేసిన అక్టోబరు

సెప్టెంబరు 28

డైరీ ఎవరూ చదవకూడని దస్తావేజు. కాబట్టి, ఎవరైనా చదివినా తప్పు పట్టలేని పద్ధతిలో దాన్ని రాయడం ఉత్తమం. అందువల్ల మొదటి పేజీలోనే విధివిధానాలను స్థిరపరుస్తున్నాను. ప్రతి నమోదుకూ ముందు తేదీ ఉంటుంది. తేదీ తరువాత గాలి సంగతి, గాలి తరువాత ఎండ సంగతి. ఆ తరువాత మాత్రమే రచయిత మనఃస్థితి, అదీ స్థలం మిగిలితే. కొట్టివేతలు ఉండవు. కొట్టివేయవలసిన ఆలోచన వచ్చినప్పుడు దాన్ని రాయకుండా ఊరుకోవడమే సరైన పద్ధతి. ఈ డైరీ రచయిత, అనగా మింగో దీవి విద్యుత్ సంస్థ కార్యదర్శి ఆల్బన్ ఈనో, పై నిబంధనలను ఏకగ్రీవంగా ఆమోదించాడు.

గాలి: ఉంది. ఎండ: ఉంది. మనఃస్థితి: స్థలం లేదు.

సెప్టెంబరు 30

గాలి: ఉంది. ఎండ: ఉంది.

పూర్వరంగం లేని ఫైలు ఫైలే కాదు. నాకు తెలిసినదే అయినా నమోదు చేస్తున్నాను.

నిరుడు అక్టోబరు ఆఖరి రోజున, రేవు పక్క షెడ్డులోని డీజిల్ ఇంజనుకు పాలకవర్గం విశ్రాంతి ప్రకటించింది. షరతు ఒక్కటే. కొండ మీది గాలిమరలు, పాత ఉప్పుమళ్ళలో పరిచిన సౌర ఫలకాలు, వాటి పక్కనున్న బ్యాటరీ పెట్టెలు, వీటితోనే దీవి ఒక ఏడాది బతికి చూపించాలి. ఆ ఏడాదిలో ఇంజను ఒక్కసారి కూడా తిరగకపోతే చమురు ఓడకు శాశ్వతంగా సెలవు చెప్పవచ్చు. ఒక్కసారి తిరిగినా ఆ ఓడతో పదేళ్ళ ఒప్పందం ఖాయం, గాలిమరల పథకం రద్దు. ఈ పథకం మా ఇంజనీరు డెల్సీ తయారుచేసింది. డెల్సీ నా చెల్లెలు ఇస్మే కూతురు. నేను చేసినదల్లా దానికి తగిన గంభీరమైన భాష సమకూర్చడమే.

తీర్మానంలో నేను ‘ఇంజను విశ్రాంతి తీసుకొనును, అయితే అవసరార్థం సిద్ధముగా ఉండును’ అని రాశాను. దీవి ప్రజలు మొదటి సగం మాత్రమే చదివారు. మిస్ ఆగస్టా అని పిలుచుకునే ఆ ఇంజను పోయిందని తొమ్మిది రాత్రులు షెడ్డు ముందు కూర్చుని కీర్తనలు పాడారు. రమ్ము పోశారు. ఒప్పుకోవాలి, మరణవార్త రాసింది నేనే: ‘సుదీర్ఘ సేవానంతరం, చివరి దశలో పొగ బాగా తగ్గి, ప్రశాంతంగా.’

మా దీవిలో మనిషి పోయినంత మాత్రాన పోయినట్టు కాదు. సమాధి మీద రాయి వేయాలి. రాయి వేసి, ఊరంతటికీ విందు పెట్టేవరకు పోయినవాళ్ళు కుదురుగా పడుకోరు. ఇంజను డ్రైవరుగా పనిచేసిన నోరిస్ పెద్దాయన ఈస్టరు ముందే పక్క దీవి నుంచి పడవలో రాయి తెప్పించాడు. రాయిని వేసే రోజు వరకు మంచం మీద, తెల్ల దుప్పటి కింద పడుకోబెట్టడం ఆచారం. ఆ మంచం మా ఇంట్లో ఉంది. పక్క గదిలో మిస్ ఆగస్టా రాయి ఈస్టరు నుంచి పడుకునే ఉంది.

రాయి వేయవలసినది షెడ్డు గుమ్మం మీదే. తలుపు బయటికి తెరుచుకుంటుంది. రాయి పడ్డాక ఇక తెరుచుకోదు. నేను ఆ కార్యక్రమాన్ని వాయిదా వేస్తూ వస్తున్నాను. కారణాలు పూర్తిగా విధానపరమైనవి.

షెడ్డు తాళంచెవి నా జేబులో ఉంటుంది. అది కేవలం వస్తు తనిఖీ నిమిత్తం.

అక్టోబరు 3

గాలి: ఉంది. ఎండ: మబ్బు చాటున.

నోరిస్ పెద్దాయన ఆఫీసు వరండాలోకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

“సెక్రటరీ బాబూ, మా ఆవిడకి రాయెప్పుడేయిస్తారు?”

“ఉపసంఘం పరిశీలనలో ఉంది పెద్దాయనా.”

“ఉపసంఘంలో ఎవరెవరున్నారేంటి?”

“నేను.”

“మరి మీరూ మీరూ ఇంకా కలుసుకోలేదా?”

“తేదీ కుదరలేదు.”

“నిన్న మా వీధిలో దీపాలు రెండుసార్లు రెపరెపలాడినయ్. అది ఆగస్టానే. నిద్ర పట్టక తిరుగుతోంది. నడుం వాల్చుకోనివ్వండి బాబూ, ముసలిది.”

రెపరెపలకు కారణం ఇన్వర్టరు సర్దుబాటు అని డెల్సీ నాకు రాతపూర్వకంగా తెలియజేసింది. ఆ కాగితం పెద్దాయనకు చూపించాను. ఆయన దాన్ని తిరగేసి, వెనక ఏమీ లేదని చూసి తిరిగి ఇచ్చాడు.

సాయంత్రం షెడ్డు తాళం పరిశీలించాను. తాళం ఉంది.

అక్టోబరు 7

గాలి: నీరసంగా. షెడ్డు తాళం: ఉంది.

అక్టోబరు 8

గాలి: లేదు.

అక్టోబరు 9

గాలి: లేదు. ఎండ: లేదు.

ఉత్తరాన ఎక్కడో ఒక తుఫాను ఉందట. మన గాలినంతా అదే పీల్చుకుంటోందని డెల్సీ చెప్పింది. ఆకాశం చల్లారిన గంజిలా ఉంది. కొండ మీది గాలిమరలు చేతులు చాచి, ఎవరో ఫోటో తీస్తారని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాయి. రేవులో తెరచాపలు కట్టిన పడవలు కూడా కదలకుండా ఉన్నాయి.

ఇంతకాలం నాకు తెలియని విషయం ఒకటి ఈ రోజు తెలిసింది. ఇంజను ఆగిన ఊళ్ళో గాలి కూడా ఆగితే, పక్కింటివాడు చెంచాతో చక్కెర కలపడం వినిపిస్తుంది. ఆ చప్పుడుకి రెండుసార్లు లేచి కూర్చున్నాను.

అక్టోబరు 10

గాలి: లేదు.

బ్యాటరీ సగానికి వచ్చింది. డెల్సీ మొదట ఆపించింది ఐసు ఫ్యాక్టరీనే. దీవి కరెంటులో పెద్ద ముద్ద దానిదే. ఆ ఫ్యాక్టరీ ఇస్మేది. పదిన్నరకు ఇస్మే ఆఫీసులోకి వచ్చింది. కూర్చోకుండానే, నా పక్కనున్న కూతురి మీద విరుచుకుపడింది.

“కన్నతల్లి నోటి దగ్గర కూడు లాక్కున్నావు కదే!”

“ఊళ్ళో దీపాలు వెలగాలంటే ఏదో ఒకటి ఆపాలమ్మా. నీదొక్కటే ఆపితే సరిపోతోంది.”

“ఏం? ఇంటింటికీ ఏసీలు, కరెంటు పొయ్యిలు. అవి ఆపలేవూ?”

“వాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళి నేను ఎలా ఆపుతాను? నీ మీటయితే నా చేతిలో ఉంది.”

“అదీ సంగతి! అమ్మ కాబట్టి చేతికి అందింది! వచ్చే శుక్రవారం మార్టినీక్ నుంచి చేపలు కొనే పడవొస్తుంది. ఈ లోపు ఐసు లేకపోతే, దీవిలో పట్టిన ఎర్రచేపంతా పీతలకి పెళ్ళిభోజనం. జాలర్లు నా గుమ్మం ముందు నిలబడి అడిగితే నీ బ్యాటరీ లెక్కలు చదివి వినిపించనా?”

తరువాత నావైపు తిరిగింది.

“అన్నయ్యా, నీ జేబులో తాళంచెవి ఉంది.”

“అది తనిఖీ నిమిత్తం ఇస్మే.”

“నీ ప్యాంటు ఆ పక్కకి జారిపోతోందని ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. వెళ్ళి ఆ ముసలిదాన్ని ఒక్క పూట తిప్పు. అంతే.”

“మామయ్యా,” అంది డెల్సీ. గొంతు పెంచలేదు. “ఇంకా మూడు వారాలే. ఒక్క పూట తిప్పావంటే ఏడాదంతా పోయినట్టే. పదేళ్ళు పొగ పీలుస్తాం. నేను మళ్ళీ ట్రినిడాడ్ వెళ్ళి ఎవరి దగ్గరో వైర్లు బిగించుకుంటాను.”

ఇద్దరూ నన్నే చూశారు. ఈ విషయాన్ని పరిశీలనకు స్వీకరించినట్టు ప్రకటించాను.

అక్టోబరు 11

గాలి: లేదు. షెడ్డు తాళం: ఉంది. తాళంచెవి: ఉంది. రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడం తనిఖీలో భాగమని భావించి తెరిచాను. సరిపోతున్నాయి. లోపల నూనె వాసన. ఆవిడ మీద దుమ్ము పడింది. రుమాలుతో తుడిచాను. దుమ్ము తుడవడం తిప్పడం కిందికి రాదు.

అక్టోబరు 12

గాలి: లేదు.

ఉదయం జాలర్లు వచ్చారు. కేకలు వేయలేదు. గోడవారగా కూర్చుని నన్ను చూశారు. వాళ్ళు అరిచివుంటే పద్ధతి ప్రకారం సమాధానం చెప్పేవాడిని.

మధ్యాహ్నం ఒక నిర్ణయానికి వచ్చాను. దాని వివరాలు ఇక్కడ రాయడం లేదు. ఇంజను లేవాలంటే ఇద్దరు కావాలి. ఇంజనును కదిలించే ఒత్తిడి గాలి సీసా మర ఒకరు తిప్పాలి, ఒకరు మీట దగ్గర ఉండాలి. నోరిస్ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన ముంగిట్లో వల అల్లుతున్నాడు.

“పెద్దాయనా, ఒక ఊహాజనితమైన ప్రశ్న.”

“అడగండి.”

“మిస్ ఆగస్టాను కొద్దిసేపు లేపవలసి వస్తే?”

వల పక్కన పెట్టాడు.

“పోయినావిడని లేపమంటారా?”

“తీర్మానంలో అవసరార్థం సిద్ధముగా అని ఉంది.”

“మీ తీర్మానంలో ఏముందో నాకు తెలవదు. తొమ్మిది రాత్రులు నేను పాడాను. మీరూ పాడారు, శ్రుతి లేకుండా. పోయినావిడ భుజం పట్టుకు కుదిపి డ్యూటీకి రమ్మంటే ఏమనుకుంటుంది? ఈ దీవిలో దానికి చెయ్యి వేసేవాడు దొరకడు, వెతుక్కోండి.”

“మరి వేరే మార్గం?”

“ఆవిడే కల్లోకొచ్చి అడగాలి. నన్ను లేపండి అని ఆవిడ నోటితో అంటే, అప్పుడు మొదటి చెయ్యి నాదే.”

ఇది అన్యాయం కాదు. మా ఆచారమే. మా నాయనమ్మ పోయాక కలలో కనిపించి మొక్కజొన్న పిండి కెలికి చేసే కూకూ ముద్ద అడిగితే, ఆ వారమే ఊరంతటికీ పెట్టాం. పోయినవాళ్ళ కోరికలు కలల ద్వారానే అందుతాయి. నేను విచారిస్తున్నది ఒక్కటే, దీనికి దరఖాస్తు నమూనా లేదు.

అక్టోబరు 13

గాలి: లేదు.

వార్త పాకింది. మిస్ ఆగస్టా ఏమంటుందో తెలుసుకోవడానికి దీవి యావత్తూ మధ్యాహ్న భోజనం చేసి పడుకుంది. జాలర్లు పడుకున్నారు. బడి పంతులు పడుకున్నాడు. పాదిరీ గారు ఈ నమ్మకాలతో తమకు సంబంధం లేదని ప్రకటించి, తరువాత పడుకున్నారు. ఉక్కపోతగా ఉండటం వల్ల అందరూ ఏసీలు వేసుకున్నారు.

ఏడాదిలో ఏ మధ్యాహ్నమూ ఇంత కరెంటు ఖర్చు కాలేదు. డెల్సీ వాడకం చూపించే పటం ముందు నిలబడి రెండు చేతులతో తల పట్టుకుంది.

“కరెంటు కావాలో వద్దో కలగనడానికి కరెంటు తగలేస్తున్నారు మామయ్యా!”

జేబు తడిమి చూసుకున్నాను. తాళంచెవి ఉంది.

అక్టోబరు 14

గాలి: లేదు. ఎండ: లేదు. బ్యాటరీ: అడుగుకు దగ్గరలో.

సంస్థ కార్యాలయంలో స్వప్న విచారణ నిర్వహించాను. నా అధ్యక్షతన. ముందుగా ఇస్మే.

“ఆగస్టా వచ్చిందన్నయ్యా. ఎర్ర గౌను వేసుకుంది. ‘ఇస్మే, నన్ను లేపమను, శుక్రవారంలోగా ఐసు చేయించు’ అంది.”

“ఐసు అనే మాట ఆవిడ నోటితోనే అందా?”

“అంది. ‘పెద్ద దిమ్మలు’ అని కూడా అంది.”

వరండాలోంచి ఎవరో, “కిలో ఎంతకి అమ్మాలో కూడా చెప్పిందా అక్కా?” అన్నారు. నవ్వులు. ఇస్మే వెనక్కి తిరిగి, “నీ చేప కుళ్ళినప్పుడు నీ కల నువ్వు వండుకు తిను!” అంది. నవ్వులు ఆగాయి.

తరువాత నోరిస్ పెద్దాయన.

“నాకూ వచ్చింది బాబూ. ‘నోరిస్, నా రాయేది? సెక్రటరీ మంచం మీద ఎన్నాళ్ళు పడుకోను? మేకని కోయండి, కందులు ఉడకబెట్టండి, నా గుమ్మంలో అందరూ తినండి’ అంది.”

“గౌను రంగు?”

“బూడిద రంగు. ఆవిడ ఎప్పుడూ వేసుకునేదే.”

నిజానికి ఇంజను రంగు బూడిదే. ఈ అంశం నమోదైంది.

డెల్సీని కూడా అడిగాను. “నేను నిద్రపోతే కదా మామయ్యా,” అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళమ్మ చూసింది. సంచిలోంచి అరటికాయ వేపుడు తీసి పిల్ల ముందు పెట్టి వెళ్ళిపోయింది.

తీర్పు వాయిదా.

అక్టోబరు 15

ఈ నమోదు లెక్కలోకి రాదు.

ఆవిడ నాకూ కనిపించింది. ఉప్పుమడి గట్టు మీద చెప్పులు విడిచి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. ఏమైనా కావాలా అని అడిగాను. “కాళ్ళు లాగేస్తున్నాయి నాయనా. కాసేపు కూర్చోనీ,” అంది. అంతే.

అక్టోబరు 15, లెక్కలోకి వచ్చేది

గాలి: లేదు.

ఉపసంఘం సమావేశమైంది. అందరు సభ్యులూ హాజరయ్యారు. రేపు ఉదయం రాయి వేయాలని తీర్మానించడమైనది. విందు విధాయకం. ఆచారం ప్రకారం విందు రోజున ఎవరూ ఇంట్లో వండుకోరాదు, అందరి పొయ్యిలూ షెడ్డు ముందే.

ఇస్మేకి స్వయంగా చెప్పడానికి వెళ్ళాను. ఐసు గది తలుపు తెరిచి చూపించింది. నేల మీద నీళ్ళు. దిమ్మలు పిల్లల బూట్లంత అయిపోయాయి.

“రాయి వేస్తే ఇక తలుపు తెరుచుకోదు,” అంది.

“అవును.”

“రేపో ఎల్లుండో ఊరంతా చీకటైతే?”

“అవును ఇస్మే.”

“నీకు నమ్మకముందా? ఆ గాలి మీద, నా కూతురి మీద?”

నేను పరిశీలనలో ఉందని చెప్పబోయాను. ఆ మాట మింగి, కరిగిన దిమ్మనొకదాన్ని నీళ్ళలోంచి తీసి పక్కన పెట్టాను.

“ఐసు కరిగిందంటే చెబుతున్నా,” అంది, “ఆ రాయి లేచిన మంచం మీదికి నేనొచ్చి పడుకుంటాను. నన్ను పోషిద్దువు గాని.”

అక్టోబరు 16

గాలి: లేదు. ఆకు కదలలేదు.

రాయిని మా ఇంటి నుంచి భుజాల మీద తీసుకువెళ్ళారు. దుప్పటి తీసేటప్పుడు ఆడవాళ్ళు పాడారు. డోళ్ళు మోగాయి. గుమ్మం దగ్గర నోరిస్ పెద్దాయన నీళ్ళు, రమ్ము పోసి, “ఆవిడ సొంత వస్తువేదన్నా ఉంటే కింద పెట్టండి,” అన్నాడు. అందరూ ఇటూ అటూ చూశారు. తరువాత నా ప్యాంటు వైపు చూశారు.

తాళంచెవి తీసి పెట్టాను. చెయ్యి వెనక్కి రావడానికి కొంత సమయం పట్టింది. దాని మీద సున్నం వేశారు. సున్నం మీద రాయి దించారు. ఇస్మే జనంలోంచి నన్నే చూస్తోంది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

వస్తు జాబితా నుంచి ఒక తాళంచెవి తొలగించడమైనది.

తరువాత మూడేసి రాళ్ళ పొయ్యిలు వెలిగాయి. ఇంటికో కుండ. మేకమాంసం, కందులు, కూకూ తిప్పే పెద్ద తెడ్లు. ముసలివాళ్ళను కుర్చీలతో సహా మోసుకొచ్చారు. ఇళ్ళన్నీ తాళాలు వేసి ఉన్నాయి.

మధ్యాహ్నం డెల్సీ ఉప్పుమళ్ళ వైపు నుంచి పరుగెత్తుకొచ్చింది. ఒక చెప్పు లేదు.

“మామయ్యా! పడిపోయింది!”

“ఏది? గాలిమరా?”

“వాడకం! సగానికి పైగా పడిపోయింది. ఒక్క పొయ్యి లేదు, ఒక్క ఏసీ లేదు. ఈ మబ్బు ఎండే మిగిలిపోతోంది!” అటూ ఇటూ చూసింది. “అమ్మేది? అమ్మా! మీట వేశాను, వెళ్ళి నీ మిషను ఆన్ చెయ్యి!”

ఇస్మే చేతిలోని తెడ్డు నా చేతిలో పెట్టి, గౌను ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. కూకూ అడుగంటడానికి నేను బాధ్యుడిని కాను. ఆ పనికి నాకు శిక్షణ లేదు.

కట్టెలు కూడా ఇంధనమే కదా, షరతుకు భంగం కాదా అని డెల్సీని అడిగాను. “అది పోయిన నెల కొట్టిన కొమ్మ మామయ్యా,” అంది. “శిలాజం అయ్యేదాకా ఆగే ఓపిక మనకెక్కడిది?”

సూర్యాస్తమయానికి ఐసు గదిలోంచి దిమ్మ పడిన చప్పుడు వినిపించింది. జాలర్లు టోపీలు తీశారు.

అక్టోబరు 17

గాలి: లేదు.

విందు ముగిసిందని జనం ఇళ్ళకు బయలుదేరబోయారు. ఇళ్ళకు వెళ్ళడమంటే పొయ్యిలు, ఏసీలు. వేసిన రాయి మట్టం సరిగా లేదని ప్రకటించాను. మట్టం కుదిరే వరకు విందు కొనసాగాలి.

నోరిస్ పెద్దాయన మట్టం చూసే నీటిగొట్టం పెట్టి చూశాడు.

“చక్కగా ఉంది కదా బాబూ.”

“ఈ రకం రాయికి మట్టం గాలిని బట్టి చూడాలి పెద్దాయనా.”

ఆయన నన్ను చూశాడు. కొండ మీది గాలిమరలను చూశాడు. “అవునవును,” అన్నాడు, “ఓ పక్కకి వాలినట్టే ఉంది,” అని జనానికి వినిపించేలా అరిచాడు. ఇంకో మేకను తెచ్చారు.

మార్టినీక్ పడవ సాయంత్రం వచ్చింది. ఎర్రచేప ఐసులో ఎక్కింది.

అక్టోబరు 18

గాలి: లేదు. మట్టం: ఇంకా కుదరలేదు. మేకలు తగ్గినందున సముద్రపు శంఖాల మాంసం. షెడ్డు గుమ్మంలో కూర్చునే భోంచేశాను. తడిమి చూసుకోవడానికి తాళంచెవి లేదు. చేతులు ఏం చేయాలో తెలియక రెండోసారి వడ్డించుకున్నాను.

అక్టోబరు 19

తెల్లవారుతుండగా కుండల కింది పొగ నిటారుగా లేస్తోంది. నేను చూస్తూ ఉన్నాను. ఇస్మే, డెల్సీ ఒకే దుప్పటి మీద ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. పొగ కొంచెం వణికింది. తరువాత పడమటికి వంగింది. వంగే ఉంది.

గాలి: ఉంది.

రాయి మట్టం కుదిరినట్టు ధ్రువీకరించాను.

అక్టోబరు 31

గాలి: ఉంది. ఎండ: ఉంది.

ఏడాది పూర్తయింది. చమురు ఓడకు ఉత్తరం పంపాను. డెల్సీ ఉండిపోతోంది.

పాలకవర్గం అధ్యక్షుల వారు పెద్ద దీవి నుంచి ఫోను చేశారు. అభినందించి, ఒక్క ప్రశ్న అడిగారు: “గాలీ ఎండా రెండూ లేనప్పుడు మీకు ఆసరా ఏమిటి? నివేదికలో ఆ గడి ఖాళీగా ఉంది.”

మేకలు అని చెప్పడం మర్యాద కాదనిపించింది. రాతపూర్వకంగా తెలియజేస్తానన్నాను.

రాయి వెళ్ళాక పక్క గది మంచం ఖాళీగా ఉంది. దుప్పటి ఉతికించాను. రాత్రి భోజనానికి ఒక్కడి కోసం చారు పెట్టుకున్నాను. మిగిలింది.

నవంబరు 1

గాలి: మధ్యాహ్నం నుంచి లేదు.

ఆ గడి గురించి ఆలోచిస్తూ, చారు వేడిచేసుకోవడానికి కరెంటు పొయ్యి మీట మీద చెయ్యి వేశాను. వీధిలోంచి ఇస్మే గొంతు.

“అన్నయ్యా! గాలి లేదు, కనబడట్లేదూ? ఏం చేస్తున్నావక్కడ ఒక్కడివీ? గిన్నె పట్టుకుని రా!”

గిన్నెతో బయలుదేరే ముందు, గడి నింపి, దిగువ నియమాన్ని సంస్థ ముద్రతో జారీ చేశాను:

గాలి లేని దినమున సొంత ఇంటిలో, సొంత పొయ్యి మీద, ఒంటరిగా వండుకొను ఏ వ్యక్తినైనను, హోదాతో నిమిత్తము లేకుండా, ఆ దినము ముగియువరకు డీజిలుగా పరిగణించవలెను. అట్టి వ్యక్తిని సమీప బంధువులు గిన్నెతో సహా బయటికి తీసుకొనిరావలెను. అప్పీలు లేదు. ఇది తుది నిర్ణయము.